ఎజ్రా తాళం

"కోతలనుకునేరండీ! నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి వినండి. ఆ మిగిలిన సగమే మీ చేత నోరు తెరిపించకపోతే నన్నడగండి" అంటూ హరిప్రసాద్ ప్లాస్టిక్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

కోతలు కొయ్యడానికి అదేమీ టీ కొట్టు కాదు. ఏలూరు పవర్‌పేటలో ఎజ్రా గారిల్లు. ఎజ్రా పోయి ఏడాదైంది, ఆ పూట అతని జ్ఞాపకార్థ కూడిక. పాటలు పాడారు, పాస్టరు గారు వాక్యం చెప్పారు, ప్రార్థన ముగించి మొదటి బంతికి పాస్టరు గారినీ, ఊళ్ళ నించి వచ్చిన ముసలివాళ్ళనీ కూర్చోబెట్టారు. రెండో బంతివాళ్ళు వరండాలో చేరి, షామియానా కింద వడ్డన ఎంతవరకొచ్చిందో మెడలు చాచి చూస్తున్నారు. వాళ్ళంతా ఎజ్రా చుట్టాలూ, చర్చివాళ్ళూ, ఆయన పాఠాలు చెప్పిన ఇంజనీరింగు కాలేజీవాళ్ళూ. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు నించి వచ్చిన కంప్యూటర్ల పిచ్చున్న కోమటాయన హరిప్రసాద్ ఒక్కడే బయటివాడు.

వచ్చిన దగ్గర్నుంచీ హరిప్రసాద్‌కి భయంగానే ఉంది. ఎజ్రాకి తనంత స్నేహితుడు లేడని ఒకప్పుడు లోకమంతా చెప్పుకుంది. అలాంటిది ఎజ్రా మంచం పట్టాక ఒక్కసారి కూడా ఈ గుమ్మం తొక్కలేదు. భూస్థాపన రోజున సమాధుల తోట దాకా వచ్చి, గేటు దగ్గరే నిలబడి, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోయాడు. ఇవాళ ఎజ్రా భార్య లిడియా ఎదురొచ్చి "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదన్నయ్యగారూ" అనడిగితే ఏం చెప్పాలి? బస్సులో కూర్చున్నంతసేపూ అదే దిగులు. తీరా వస్తే ఆవిడ అడగలేదు. "రండన్నయ్యగారూ" అని మంచినీళ్ళిచ్చి లోపలికెళ్ళిపోయింది. అడిగితే ఒక బాధ, అడక్కపోతే వంద బాధలు.

హరిప్రసాద్‌కో జబ్బుంది. భయమేస్తే నోరు లేస్తుంది. చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే దారిలో ఏనుగు అడ్డొచ్చిందని చెప్పిన మనిషి. అందుకే ఎజ్రా మేనమామ కనకరత్నం మాస్టారు, "అవునండీ, మావాడు శనివారమొస్తే చాలు మీ మేడ మీద వాలిపోయేవాడు గదా, అసలేం చేసేవారండీ మీరిద్దరూ? అడిగితే నవ్వేవాడే గాని చెప్పేవాడు కాదు" అనగానే, దాహమేసినవాడికి కుండ దొరికినట్టయింది.

"ఏం చేసేవాళ్ళమా! మాస్టారూ, కంప్యూటరు లోపల ఓ పెత్తందారు ప్రోగ్రాము ఉంటుంది. కెర్నెల్ అంటారు. పెళ్ళింట్లో పెద్దమావయ్య లాంటిదనుకోండి. బియ్యం కావాలన్నా, గది తాళం కావాలన్నా, ఆయన చేతి మీదుగా రావాల్సిందే. మామూలు కంప్యూటరుకి బుర్ర ఒకటే. నేను మద్రాసు వెళ్ళి, ఎవరో వద్దని పారేసిందాన్ని మోసుకొచ్చాను, దానికి రెండు బుర్రలు. మా కొట్టు మేడ మీద పెట్టాం. రెండు బుర్రలుంటే పని రెట్టింపు జరగాలి కదండీ? జరగలా! కొన్ని పనులైతే ఒంటి బుర్రదానికన్నా నీరసం. ఎందుకో తెలుసా? తాళం!"

"తాళమేంటండీ?" అన్నాడు జగ్గారావు. ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులున్నాయి ఆయనకి. ఎజ్రాతో కలిసి బళ్ళో చదువుకున్నాడు.

"రెండు బుర్రలూ ఒకే లెక్కలో ఒకేసారి చెయ్యి పెడితే లెక్క కాస్తా పాడవుద్దండీ. అందుకని చెయ్యి పెట్టిన బుర్ర తాళం వేసుకుంటుంది. పనయ్యాక తీస్తుంది. అందాకా రెండోది బయట కాచుకోవాలి. అదుగో, ఆ బంతి చూడండి. ఆ తెల్లచొక్కాయన వెనకాల కుర్చీ పట్టుకుని పొడుగాయన నిలబడ్డాడా? ఆకు వంకే చూస్తున్నాడా? 'అయిందా, అయిందా' అని చూపుల్తోనే అడుగుతున్నాడు. మరి తినేవాడికి ముద్ద దిగుద్దాండీ? తొందరగా లేద్దామని గబగబా తింటాడు, పొలమారుద్ది, నీళ్ళంటాడు, నీళ్ళొచ్చేసరికి ఇంకా ఆలస్యం! కంప్యూటర్లోనూ అచ్చంగా అదే తంతు. బయటున్న బుర్ర ఊరుకోదు, 'తీశావా, తీశావా' అని అడుగుతూనే ఉంటుంది. ఆ అడగడంతోనే లోపలున్నదాని పని కుంటుపడుద్ది. పెద్ద కంప్యూటర్లకి నాలుగు బుర్రలు, ఎనిమిది బుర్రలు ఉంటాయి. ఒకడు తింటుంటే ఏడుగురు వెనకాల నిలబడి ఆకులోకి చూస్తే ఎలా ఉంటుందో మీరే చెప్పండి."

అందరూ షామియానా వైపు చూశారు. తెల్లచొక్కాయన నిజంగానే నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. వరండాలో నవ్వులు లేచాయి.

"చూశారా! సరే, ఈ తాళాన్ని బాగుచేద్దామని కూర్చున్నాం. మొదట రాసింది ఎజ్రా గారే. ఆయన మర్యాద సంగతి మీకు నేను చెప్పాలా? ఏం రాశారో తెలుసా? తాళం కావల్సిన బుర్ర చెయ్యెత్తాలి. ఎత్తి, పక్కబుర్ర కూడా చెయ్యెత్తిందేమో చూడాలి. ఎత్తుంటే తను దించేసుకుని 'ముందు మీరు కానివ్వండి' అని తప్పుకోవాలి. ఎంత బాగుంది చెప్పండి! ఆన్ చేశాం. రెండూ ఒకేసారి చెయ్యెత్తాయి. ఒకదాన్నొకటి చూసుకున్నాయి. రెండూ దించేసుకున్నాయి. కాసేపాగి రెండూ మళ్ళీ ఎత్తాయి. 'మీరు కానివ్వండి.' 'అబ్బెబ్బే, మీరే కానివ్వండి.' కుర్చీ ఖాళీగా ఉంది, ఆకులో అన్నం చల్లారిపోతోంది, ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటున్నారు! కంప్యూటరేమో అట్లపెనంలా కాలిపోతోంది, పనేమో సున్నా! మాస్టారూ, ఈ తప్పు అమెరికావాడు చెయ్యగలడా? జపానువాడు చెయ్యగలడా? ఇది గోదారి జిల్లావాడే చెయ్యాలి!"

కనకరత్నం మాస్టారు పడీపడీ నవ్వాడు. గుమ్మంలో పీట మీద కూర్చున్న ఎజ్రా తల్లి మణెమ్మ కూడా నవ్వింది.

"మా వాడంతే నాయనా. బస్సులో సీటు ఖాళీ అయితే పక్కనాయన్ని కూర్చోమనేవాడు. ఆయన వద్దంటే వీడూ కూర్చునేవాడు కాదు. సీటు ఖాళీ, ఇద్దరూ భీమడోలు దాకా నిలబడే!"

"అదేనండీ, అదే రాశారు మీ అబ్బాయి! ఆ రోజు ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి, కింద కొట్లోంచి కాఫీ తెప్పించుకుని తాగుతూ ఉంటే, 'హరిగారూ, తప్పు తెలిసిందండీ' అన్నారు. 'వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరసలో కూర్చోవాలి. ఎవరూ ఆకు వంక చూడకూడదు. లేచినవాడు వెళ్తూ వెళ్తూ తన వెనకాలవాడి భుజం తట్టాలి. అంతే.' నేను అక్కడికక్కడే కూర్చుని రాసేశాను. పొద్దున్న మొదలెడితే భోజనాలయ్యి, ఓ కునుకు తీసి లేచినా తెమలని పని, మేం భోంచేసి వచ్చేసరికి తెమిలిపోయింది."

ఇంతవరకూ హరిప్రసాద్ చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేదో. ఆపుదామనే అనుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే లిడియా మంచినీళ్ళ జగ్గు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అత్తగారి పక్కన నిలబడింది. నిలబడి, తిన్నగా అతని మొహంలోకి చూసింది. ఇప్పుడడుగుతుంది, అనుకున్నాడు హరిప్రసాద్. అడగడానికి సందివ్వకూడదు.

"భోంచేసి రావడమని నోరు జారాను గాని, నేను చెయ్యి కడుక్కునే లోపే అయిపోయిందండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు ఇంకాస్త సానపట్టాం. మీట నొక్కుదామని నేను వేలెత్తాను. నొక్కలేదండోయ్, ఎత్తానంతే! పనైపోయి కూర్చుంది."

"నొక్కకుండానే ఏం పని చెయ్యాలో దానికెలా తెలిసిందండీ?" అన్నాడు మాస్టారు.

"వేగమంటే అదే కదా మాస్టారూ! మనం చెప్పేదాకా ఆగితే ఇంక వేగమేముంది? ఆ వేగం మేడ మీద ఆగితే బాగుండేది, కిందకి దిగింది. మా గోడౌన్లో మహారాష్ట్ర నించి పొద్దున్నే దించిన ఉల్లిపాయల బస్తాలు. ఆ గాలి సోకి, సాయంత్రానికల్లా మొలకలొచ్చేశాయి! మర్నాటికి పువ్వులు! మా నాన్న కర్ర పుచ్చుకుని మేడెక్కి, 'ఒరేయ్, నీ కంప్యూటరు ఆపుతావా, నన్ను ఈ ఉల్లితోటలో కాపలా ఉండమంటావా' అన్నాడు."

నవ్వులు. నవ్వుల మధ్య హరిప్రసాద్ ఓరగా చూశాడు. లిడియా నవ్వలేదు. అలాగని విసుక్కోనూ లేదు. జగ్గు చేత్తో పట్టుకుని వింటోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మేడకి ఎదురుగా రైలు పట్టాలు. సిగ్నలు దగ్గర గూడ్సు నిలబడి ఉంది, దాని వెనకాల పాసింజరు, పాసింజర్లో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తిట్టుకుంటున్నారు. ఎజ్రా గారు చూసి, 'పాపం హరిగారూ, వాళ్ళూ తాళం దగ్గరే నిలబడ్డారు' అన్నారు. ఆయన మనసు వెన్న కదండీ. ఓ తీగ లాగి సిగ్నలు పెట్టెకి తగిలించాం. అంతే! గూడ్సు బయల్దేరుతూ బయల్దేరుతూ పాసింజరు భుజం తట్టింది. ఆ పాసింజరు ప్రతి స్టేషన్లోనూ ఆగింది, వచ్చే పోయేవాళ్ళని పలకరించింది, అయినా ఎక్స్‌ప్రెస్సు కన్నా ముందు బెజవాడ చేరింది. మర్నాడైతే ఎల్లుండి రావల్సిన బండి వచ్చేసింది! టిక్కెట్టు కొన్నవాళ్ళు ఇంకా ఊరికెళ్ళాలా వద్దా అని ఆలోచనలోనే ఉన్నారు!"

"ఏవండీ, మా చెరువుల వైపు కూడా ఓ తీగ లాగలేకపోయారా?" అన్నాడు జగ్గారావు. "పొద్దున్న చేపపిల్ల వదిలి సాయంత్రం పట్టుబడి చేసుకునేవాణ్ణి."

"మీ చెరువేంటండీ, కొల్లేటికే లాగాం!"

"ఓరి నాయనో" అన్నాడు జగ్గారావు.

"నాయనో అంటే కాదు, వినండి. తమ్మిలేరు ఇటునించీ, బుడమేరు అటునించీ ఒక్కసారే వచ్చి మీద పడితే కదా కొల్లేరు పొంగి ఊళ్ళు ములిగేది? ఆ ఏడు వానలకి లంకల్లో జనం తట్టాబుట్టా సర్దుకుంటున్నారు. ఎజ్రా గారు ప్యాంటు మడత పెట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. నేను పక్కన గొడుగు పట్టాను. తాళం వేశారండీ! తమ్మిలేరు ఎక్కడిదక్కడ ఆగిపోయింది, రాటకి కట్టేసిన గేదెలాగ. బుడమేరు దిగింది, కొల్లేట్లో కలిసింది, ఉప్పుటేట్లోకి జారింది, సముద్రం దారి పట్టింది. పడుతూ పడుతూ వెనక్కి తిరిగి తమ్మిలేరు భుజం తట్టింది! ఒక్క చేను ములగలేదు. ఒక్క ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. అది చూసి గూడకొంగలు కూడా బుద్ధి తెచ్చుకుని, వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి చేపలు మింగాయి."

"ఏటికి భుజమెక్కడుంటుందండీ?"

"గట్టే భుజం మాస్టారూ! మీరు చిన్నపిల్లలకి పాఠాలెలా చెప్పారో ఏమో!"

మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మణెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడాదిగా ఆ ఇంట్లో ఇంత నవ్వు లేదన్న సంగతి వాళ్ళ మొహాల్లోనే తెలుస్తోంది. హరిప్రసాద్‌కి ధైర్యమొచ్చింది. ఇలాగే నవ్విస్తూ రెండో బంతి దాకా లాక్కుపోతే, తిని, చెయ్యి కడుక్కుని, దణ్ణం పెట్టి బయటపడొచ్చు.

"అసలు కథ ముందుంది. లినక్స్ అని ఒకటుందండీ. దాని కెర్నెల్ ఫలానావాళ్ళదని లేదు, ప్రపంచంలో ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. పంపింది నచ్చితే కలుపుకుంటారు. పంపినవాళ్ళ పేరు అందులో ఎప్పటికీ ఉండిపోద్ది. మేం పంపాం! పంపిన మర్నాడు మా ఉల్లిపాయల మార్కెట్లో హెలికాప్టరు దిగింది. అందులోంచి ఆరడుగుల దొరలు కళ్ళు నలుపుకుంటూ దిగారు. 'ఎజ్రా తాళం కనిపెట్టిన ఎజ్రా ఎవరు' అన్నారు. ఏడుస్తూ అడిగారండీ! సంతోషంతోనో, ఉల్లిపాయల ఘాటుకో నాకు తెలీదు గాని..."

"అంకుల్."

వరండా స్తంభం దగ్గర ఎజ్రా కూతురు ప్రీతి నిలబడి ఉంది. ఇంటరు చదువుతోంది. ఆ పిల్ల కూడా ఇందాకట్నుంచి వింటోందని అతను గమనించలేదు.

"నాన్న పేరు అందులో ఉందా అంకుల్? నేను నెట్ సెంటర్లో చాలాసార్లు వెతికాను. నాకు కనపళ్ళేదు."

హరిప్రసాద్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

లేదు. ఉండదు. వాళ్ళు పంపనే లేదు. పంపడానికి అంతా సిద్ధమయ్యాక, ఎవరి పేరు ముందుండాలన్న మాటొచ్చింది. ఆలోచన మీది, మీ పేరే ముందన్నాడు హరిప్రసాద్. కంప్యూటరు మీది, కూర్చుని రాసింది మీరు, వయసులో పెద్దవారు, మీ పేరు వెనకుంటే నాకు మర్యాద కాదన్నాడు ఎజ్రా. సరే మీకు నచ్చినట్టు రాసి మీరే పంపండన్నాడు ఒకడు. అలా కాదు, మీరే పంపండన్నాడు రెండోవాడు. ఓ వేసవంతా ఇదే. ఇద్దరిలో ఎవరికీ స్వార్థం లేదు, ఉంటే పని జరిగేది. చివరికి ఈనగాచి నక్కల పాలు చేసినట్టయింది. ఓరోజు చూసుకుంటే, అలాంటి తాళమే ఏ దేశంవాళ్ళో పంపేశారు, లినక్స్‌వాళ్ళు దాన్ని కలుపుకున్నారు కూడా.

ఆ రోజు ఎజ్రా ఒక్క మాటనలేదు. చిన్నగా నవ్వి, సంచీ భుజాన తగిలించుకుని బస్సెక్కాడు. తిట్టినా బాగుండేది. ఆ పై శనివారం రాలేదు. పనుండి ఉంటుంది, వచ్చేవారం ఆయనే వస్తాడులే అనుకున్నాడు హరిప్రసాద్. మొహం చెల్లక తనూ వెళ్ళలేదు. నెలలు గడిచాయి. తర్వాత ఎజ్రాకి ఒంట్లో బాగాలేదని ఎవరో చెప్పారు. ఇన్నాళ్ళూ రానివాడు, జబ్బని తెలిశాక ఏ మొహం పెట్టుకుని వస్తాడు? గూడేనికీ ఏలూరికీ మధ్య ఉన్నది ఒక గంట ప్రయాణం. అదే అతనికి దాటరాని సముద్రమైపోయింది.

ఇవన్నీ ఆ పిల్లకి చెప్పొచ్చు. చెప్పాల్సింది కూడా. కాని అందరూ చూస్తున్నారు, లిడియా చూస్తోంది, భయమేస్తోంది. నోరు లేచింది.

"ఉందమ్మా! ఎందుకుండదు! నీకు వెతకడం రాలేదు గాని, ప్రపంచంలో ఏ కంప్యూటరు విప్పు, మొట్టమొదట మీ నాన్న పేరే. బ్యాంకుల్లో మీ నాన్న, విమానాల్లో మీ నాన్న, చంద్రమండలానికి వెళ్ళేవాటిలో మీ నాన్న! ఆయన తాళం వేస్తే లక్షమంది మీద పడ్డా వరస తప్పదు. రైలుని నిలబెట్టాడు, ఏటిని నిలబెట్టాడు, తల్చుకుంటే చావుని కూడా వరసలో వెనక్కి నిలబె..."



మాస్టారి నవ్వు ఆగింది. జగ్గారావు తల వంచుకుని చెప్పుల వంక చూశాడు. మణెమ్మ కొంగు నోటి దగ్గర్నుంచి కళ్ళ మీదకి పోయింది. షామియానా కింద మజ్జిగ అడుగుతున్నవాళ్ళ గొంతులు వినపడుతున్నాయి. ఏం వాగాను, ఎవరింట్లో కూర్చుని ఏం వాగాను అని హరిప్రసాద్ లోపల్లోపల తల బాదుకున్నాడు.

లిడియా జగ్గు కింద పెట్టి వరండాలోకి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇలాంటివన్నీ మేం ఇదివరకే విన్నామండీ" అంది.

"విన్నారా? ఎవరు చెప్పారమ్మా?"

"ఆయనే. ఆసుపత్రిలో."

హరిప్రసాద్‌కి అర్థం కాలేదు. "ఎజ్రా గారా? కోతలా? ఆయన జన్మలో ఓ మాట పెంచి చెప్పి ఎరగరమ్మా. నేనేదైనా గొప్పకి పోతే పక్కనించి మోచేత్తో పొడిచేవారు."

"నేనూ అదే అనేదాన్ని. 'ఏంటండీ, ఈ వయసులో కొత్తగా కోతలు నేర్చుకున్నారా' అనేదాన్ని. మందు పడ్డాక కాస్త నెప్పి తగ్గితే చాలు, లేచి కూర్చుని మొదలెట్టేవారు. వార్డులో అందరికీ మీరు తెలుసు. కాకపోతే ఆ కథల్లో తాళం కనిపెట్టింది మీరు. ఆయన కాఫీ తెచ్చిపెట్టారంతే. ఓసారి గాలివానొస్తే మీరు మేడ మీద నించుని మేఘాల్ని ఒక్కొక్కటిగా రమ్మన్నారంట. మీ కంప్యూటరు వేగానికి గూడెంలో గడియారాలన్నీ సిగ్గుపడి ఆగిపోయాయంట. మీరిప్పుడు చెప్పినవి బాగానే ఉన్నాయి గాని, ఆయన ముందు దిగదుడుపేనండీ."

మణెమ్మ కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. "అవును నాయనా. ఆ నర్సులు కూడా పనాపుకుని వినేవారు. నవ్వలేక చచ్చేవాళ్ళం."

"పక్క మంచం మీద కైకలూరు పెద్దాయన ఒకాయన ఉండేవారు" అంది లిడియా. "ఆయన నమ్మేవారు కాదు. 'ఏవండీ, మరీ ఇంత కోతలా' అనేవారు. దానికీయన, 'ఒక్క ముక్క అబద్ధం లేదండీ, హరిగారొస్తారుగా, వచ్చాక ఆయన్నే అడగండి' అనేవారు. ఆ పెద్దాయన రోజూ పొద్దున్నే అడిగేవారు, 'మీ హరిగారు ఇవాళైనా వస్తున్నారా' అని. 'బయల్దేరే ఉంటారండీ' అనేవారీయన. తలుపు దగ్గర అలికిడైతే చాలు, ప్రీతి తొంగి చూసేది."

హరిప్రసాద్ స్తంభం వైపు చూడలేకపోయాడు.

"ఆ పేరు గురించి ఆయన ఒక్కనాడు బాధపడలేదన్నయ్యగారూ. పేరు లేదని నాకు తెలుసు. మీరు పంపలేదని కూడా తెలుసు, నాకు చెప్పారు. దానికీ నవ్వారు. మీరు సిగ్గుపడి రావట్లేదేమో, మీ ఇంటికి నేను కబురు చెయ్యనా అంటే వద్దన్నారు. 'పిలిస్తే వచ్చినట్టుంటుంది లిడియా, ఆయనంతట ఆయనే వస్తే ఆ అందం వేరు' అన్నారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. దెప్పుతున్నట్టు కూడా లేదు. ఎవరో చుట్టం సంగతి చెప్తున్నట్టు చెప్తోంది. కోపమే ఉంటే తల వంచుకుని పడుండేవాడు. ఇది మాత్రం హరిప్రసాద్ ఓర్చుకోలేకపోయాడు.

"మేఘాల్ని రమ్మన్నారంటే నమ్మేశామండీ" అంది లిడియా. "గడియారాలాగిపోయాయంటే నమ్మేశాం. హరిగారొస్తారంటే అదీ నమ్మాం. అన్నిట్లోకీ పెద్ద కోత అదేనని తర్వాత తెలిసింది."

ఏనుగు అడ్డొచ్చిందని చెప్పగలిగిన నోటికి ఒక్క కారణం కూడా అందలేదు.

"రావాల్సిందమ్మా" అన్నాడు ఆఖరికి.

లిడియా జగ్గు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"రావాల్సిందండీ" అంది.